పరిశోధన పత్రికలలో ప్రచురణ నైతికత: వెల్దుర్తి చేను దాకా సాగే బాధ్యత

ఉపోద్ఘాతం

పల్నాడు జిల్లా వెల్దుర్తి మండలంలో పత్తి, మిరప, కంది పండించే రైతు పరిశోధన పత్రికలను చదవడు. చదవవలసిన అవసరం కూడా అతనికి లేదు. అయినప్పటికీ అతడు వేసే ఎరువు మోతాదు, సాళ్ల మధ్య పాటించే ఎడం, పిచికారీ చేసే మందు, పిచికారీ వేళ ఇవన్నీ ఎక్కడో ఒక పరిశోధన వ్యాసంలోని పట్టికతో ముడిపడి ఉంటాయి. ప్రయోగ క్షేత్రంలో తీసిన లెక్క వ్యాసమవుతుంది. వ్యాసంలోని ఫలితం పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశాలలో చర్చకు వస్తుంది. అక్కడ అంగీకారం పొందినది సాగు సూచికలో చేరుతుంది. ఏరువాక కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం, రైతు సేవా కేంద్రం ద్వారా అది సిఫారసుగా రైతు చెవిన పడుతుంది.

ఈ గొలుసులో చివరి కడియం రైతు. మొదటి కడియంలో లోపం ఉంటే దాని బరువును మోసేది అతడే. పట్టికలో ఒక అంకెను మార్చిన పరిశోధకునికి పదోన్నతి రావచ్చు. ఆ అంకెను నమ్మి పెట్టుబడి పెట్టిన రైతుకు ఒక పంటకాలం పోతుంది. కౌలు రైతయితే పంట పోయినా కౌలు కట్టక తప్పదు. అందువల్ల వ్యవసాయ శాస్త్రంలో ప్రచురణ నైతికత కేవలం విద్యారంగ మర్యాదకు సంబంధించిన అంశం కాదు. అది రైతు పెట్టుబడికి సంబంధించిన అంశం. రచయిత, సమీక్షకుడు, సంపాదకుడు, విస్తరణ శాస్త్రవేత్త అనే నలుగురి బాధ్యతలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒక చిన్న వ్యాసం విలువ

నిజాయతీగా రాసిన చిన్న వ్యాసం ఎంత మేలు చేయగలదో మిరప పంట అనుభవం చెబుతుంది. 2021-22 పంటకాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మిరప తోటలను ఒక కొత్త తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. రైతులు నల్ల తామర పురుగు అని పిలిచే ఈ కీటకం శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. అంతకుముందు మిరపలో ప్రధానంగా కనిపించే తామర పురుగు లేత ఆకులను ఆశించి పైముడతను కలిగించేది. కొత్త పురుగు పూలలో గుంపులుగా చేరి పూత రాలడానికి, పిందె కట్టకపోవడానికి కారణమైంది. రెండింటి ప్రవర్తన వేరు గనుక పాత పురుగుకు వాడే పద్ధతులనే కొత్తదానికి వాడితే ఖర్చు పెరిగి ఫలితం తగ్గుతుంది.

ఈ కీటకం భారతదేశంలో ఉన్నట్లు 2015లోనే బొప్పాయి మొక్కలపై నమోదైంది. ఆనాడు అది పెద్దగా ఎవరి దృష్టినీ ఆకర్షించని సమాచారం. ఆరేళ్ల తరువాత మిరపపై విజృంభించినప్పుడు ఆ నమోదు విలువ అర్థమయింది. నమూనాలను భద్రపరచడం, జాతిని సరిగా గుర్తించడం, చూసినదానిని చూసినట్లు రాయడం అనే మూడు పనులూ ఏ వార్తా ప్రాధాన్యమూ లేని రోజున జరిగినవే. జాతి నిర్ధారణలో పొరపాటు జరిగి ఉంటే తరువాతి వ్యాసాలన్నీ ఆ పొరపాటునే మోసుకొని వచ్చేవి.

అప్రియమైన ఫలితాన్ని ప్రచురించడం కూడా ఇటువంటి బాధ్యతే. గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు బి.టి. పత్తిలోని క్రై1ఏసీ విషాన్ని తట్టుకుంటున్నట్లు చూపిన వ్యాసం 2011లో వెలువడింది. ఒక సాంకేతికత విఫలమవుతున్నదని చెప్పే ఫలితం ఎవరికీ సంతోషం కలిగించదు. కాని దానిని దాచి ఉంచితే నష్టపోయేది పత్తి రైతే.

రచయిత బాధ్యతలు

1. దత్తాంశ సత్యం

క్షేత్ర ప్రయోగాలలో అబద్ధపు అంకెలు సృష్టించే వారు కొద్దిమంది. అనుకూలంగా లేని అంకెలను పక్కన పెట్టేవారు అంతకంటె ఎక్కువ. ఇది ఎలా జరుగుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూడవచ్చు. వర్షాధార పత్తిలో ఎడం తగ్గించి మొక్కల సంఖ్యను పెంచిన పద్ధతిని సాధారణ పద్ధతితో పోల్చుతూ నాలుగు రెప్లికేషన్లలో ప్రయోగం వేశారనుకుందాం. సాధారణ పద్ధతిలో ఎకరాకు దిగుబడి వరుసగా 9, 8.5, 9, 8 క్వింటాళ్లు. కొత్త పద్ధతిలో 10.5, 10, 10, 5.5 క్వింటాళ్లు. నాలుగింటి సగటు తీస్తే సాధారణ పద్ధతికి 8.63, కొత్త పద్ధతికి 9.00 క్వింటాళ్లు వస్తాయి. తేడా క్వింటాలులో సగం కూడా లేదు. గణాంక విశ్లేషణలో అది నిలబడదు.

నాలుగవ రెప్లికేషన్ మురుగు కాలువ పక్కన ఉన్నదని, అక్కడ వర్షానికి నీరు నిలిచిందని చెప్పి దానిని తొలగిస్తే సగటులు 8.83, 10.17గా మారుతాయి. తేడా 1.33 క్వింటాళ్లకు పెరిగి, గణాంకపరంగా ప్రాముఖ్యం గలదిగా కనిపిస్తుంది. వ్యాసం ఆమోదం పొందడం సులభమవుతుంది.

ఇక్కడ పోయినదేమిటో గమనించాలి. అదే రెప్లికేషన్‌లో, అదే నీటిలో సాధారణ పద్ధతి 8 క్వింటాళ్లు ఇచ్చింది. కొత్త పద్ధతి 5.5కు పడిపోయింది. దట్టంగా ఉన్న మొక్కల మధ్య గాలి ఆడక, తేమ ఆరక కాయ కుళ్లు పెరిగి ఉండవచ్చు. అంటే నీరు నిలిచే నేలలో ఈ పద్ధతి ప్రమాదకరం కావచ్చుననే హెచ్చరిక ఆ ఒక్క మడిలోనే ఉన్నది. రైతుకు అన్నిటికంటె అవసరమైన సమాచారాన్నే పట్టిక నుంచి తొలగించడం జరిగింది. సగటు చెప్పే మాట కంటె ఆ మడి చెప్పిన మాట విలువైనది.

మడిని ఎన్నడూ తొలగించరాదని దీని అర్థం కాదు. పశువులు పడి మేసినప్పుడు, పొరపాటున కలుపు మందు పడినప్పుడు, నష్టానికి కారణం ప్రయోగ చర్యతో సంబంధం లేనిదైనప్పుడు తొలగించవచ్చు. దానికి గణాంక శాస్త్రంలో మిస్సింగ్ ప్లాట్ పద్ధతి ఉన్నది. కాని తొలగించిన సంగతి, కారణం వ్యాసంలో ఉండాలి. ఆ నిర్ణయం దిగుబడిని తూచకముందే క్షేత్ర పుస్తకంలో తేదీతో నమోదై ఉండాలి. తూచిన తరువాత గుర్తుకు వచ్చిన కారణాన్ని సమీక్షకుడు అనుమానించడం సహజం.

మూల దత్తాంశాన్ని, విత్తన నమూనాలను భద్రపరచడం ఇందులో భాగమే. బికనేరి నర్మ బి.టి. పత్తి ఉదంతం దీనికి గట్టి హెచ్చరిక. ప్రభుత్వ రంగ సంస్థలు రూపొందించిన ఈ రకం 2009లో రైతులకు చేరింది. అందులో ప్రైవేటు సంస్థకు చెందిన మాన్ 531 జన్యు ఘటన ఆనవాళ్లు ఉన్నాయన్న వివాదంతో దాని విత్తన సరఫరా ఆగిపోయింది. భారత వ్యవసాయ పరిశోధన మండలి నియమించిన సోపోరి కమిటీ దీనిపై నివేదిక ఇచ్చింది. రైతు తన విత్తనాన్ని తానే దాచుకొని మళ్లీ వేసుకొనగలిగే బి.టి. పత్తి అనే ఆశ దానితో వెనుకబడింది. ప్రయోగశాలలో ప్రతి దశనూ నమోదు చేయడం, పదార్థాలను వేరువేరుగా ఉంచడం ఎంత అవసరమో ఈ ఉదంతం చూపుతుంది.

2. కర్తృత్వం

వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం కర్తృత్వానికి నాలుగు షరతులను నిర్దేశించింది. పరిశోధన రూపకల్పనలో గాని, దత్తాంశ సేకరణ, విశ్లేషణలలో గాని గణనీయమైన పాత్ర ఉండాలి. రచనలో గాని, దాని విమర్శనాత్మక సవరణలో గాని పాలు పంచుకోవాలి. తుది ప్రతిని ఆమోదించాలి. వ్యాసంలోని ప్రతి అంశానికీ జవాబుదారీ వహించడానికి అంగీకరించాలి. నాలుగూ కలిసినప్పుడే రచయిత. వ్యవసాయ పత్రికలు కూడా ఈ కొలబద్దను పాటించదగినవి.

పరిశోధన స్థానం అధిపతి అయినందుకు, నిధులు ఇప్పించినందుకు, తిరిగి తన వ్యాసంలో పేరు చేర్చుతాడన్న ఒప్పందంతో ఇచ్చే పేరు కర్తృత్వం కాదు. దానికి విరుద్ధమైన దోషం కూడా ఉన్నది. రెండు కార్లు మడులలో నిలబడి లెక్కలు తీసిన విద్యార్థి పేరు, అతడు కళాశాల విడిచి వెళ్లిన తరువాత వ్యాసంలో వెనుకకు జరగడం లేదా మాయం కావడం దొంగతనంతో సమానం. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన భాస్వరం అంచనా పద్ధతిని నేటికీ ప్రయోగశాలలు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పిలుస్తాయి. వ్యాసంపై రెండు పేర్లూ ఉన్నందువల్లనే ఆ గుర్తింపు నిలిచింది. పేరు రాయడం ఎంత చిన్న పనో, రాయకపోవడం అంత పెద్ద నష్టం.

కృత్రిమ మేధ సాధనాలు కొత్త ప్రశ్నను తెచ్చాయి. అటువంటి సాధనం రచయిత కాజాలదని ప్రచురణ నైతికత సంఘం, అంటే కోప్, 2023లో స్పష్టం చేసింది. జవాబుదారీ వహించలేనిది కర్త కాలేదన్నది దానికి ఆధారం. వాడిన పక్షంలో ఎక్కడ, ఎంత వాడారో తెలపడం, వచ్చిన ప్రతి వాక్యాన్నీ సరిచూడడం రచయిత విధి.

3. గ్రంథచౌర్యం, ముక్కల ప్రచురణ

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలను ప్రకటించింది. వాటి ప్రకారం 10 శాతం వరకు పోలిక ఉంటే శిక్ష లేదు. సిద్ధాంత గ్రంథంలో 10 నుంచి 40 శాతం పోలిక ఉంటే నిర్ణీత గడువులో సవరించి మళ్లీ సమర్పించాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాది పాటు సమర్పణకు అవకాశం ఉండదు. 60 శాతం దాటితే నమోదు రద్దవుతుంది.

అయితే శాతం ఒక్కటే నైతికతకు కొలమానం కాదు. పరుల ప్రయోగ ఫలితాన్ని సొంత మాటలలో రాసి ఆధారం చూపకపోతే యంత్రం పట్టుకోలేదు. అయినా అది చౌర్యమే. ప్రయోగ పద్ధతుల వర్ణనలో పోలిక సహజంగా వస్తుంది. అది చౌర్యం కాకపోవచ్చు. యంత్రం పోలికను మాత్రమే చూపుతుంది. నిర్ణయం మనిషిదే.

రెండేళ్ల ప్రయోగాన్ని దిగుబడికి ఒకటి, పోషక గ్రహణానికి ఒకటి, ఆర్థిక లాభానికి ఒకటి, కలుపుకు ఒకటిగా కోసి నాలుగు వ్యాసాలు చేయడం మరొక దోషం. దిగుబడి పెరిగిందని ఒక వ్యాసం చదివినవాడికి ఖర్చు అంతకంటె ఎక్కువ పెరిగిందన్న సంగతి మరొక వ్యాసంలో ఉండిపోతుంది. సిఫారసు చేయడానికి రెండూ ఒకే చోట కనిపించాలి.

4. ప్రయోజన సంఘర్షణ

పురుగుమందు, ఎరువు, విత్తన సంస్థలు రుసుము చెల్లించి తమ ఉత్పత్తులను పరిశోధన స్థానాలలో పరీక్షింపజేయడం సాధారణం. అందులో తప్పు లేదు. రుసుము వివరం వ్యాసంలో లేకపోవడం, అనుకూల ఫలితం మాత్రమే ప్రచురణకు వెళ్లడం తప్పు. పోల్చడానికి ఎంచుకొన్న పాత మందును తక్కువ మోతాదులో వాడి కొత్త మందును గొప్పగా చూపడం మరింత సూక్ష్మమైన మోసం. విస్తరణ శాస్త్రవేత్త వ్యాసం చదివేటప్పుడు నిధుల వివరాన్ని, పోలిక చర్య మోతాదును మొదట చూడాలి.

5. రైతు సమ్మతి

రైతు చేలో వేసే ప్రయోగానికి రైతు కూడా భాగస్వామి. వెల్దుర్తి వంటి వర్షాధార ప్రాంతంలో అర ఎకరం ప్రయోగానికి ఇవ్వడమంటే ఆ అర ఎకరంపై వచ్చే ఆదాయాన్ని పణంగా పెట్టడమే. ప్రయోగం విఫలమైతే ఏమవుతుందో ముందుగా చెప్పాలి. నష్టపరిహారం సంగతి తేల్చాలి. భూమి యజమాని సమ్మతి చాలదు. సాగు చేసేది కౌలు రైతయితే అతని సమ్మతి తీసుకోవాలి, ఎందుకంటే నష్టం అతనిది. ఫలితాన్ని పత్రికకు పంపేలోగా ఆ రైతుకు చెప్పడం, అతడు అంగీకరిస్తే కృతజ్ఞతలలో పేర్కొనడం కనీస మర్యాద.

సమీక్షకుని బాధ్యతలు

సమీక్షకునికి వచ్చిన వ్యాసం పరుల సొత్తు. దానిని ఇతరులకు చూపరాదు. అందులోని ఆలోచనను తన ప్రాజెక్టులో వాడరాదు. తన పోటీదారుని వ్యాసాన్ని నెలల తరబడి అట్టే పెట్టుకోవడం, తన వ్యాసాలను ఉటంకించమని ఒత్తిడి చేయడం అధికార దుర్వినియోగం. విషయం తనకు తెలియనిదైతే ఆ మాట చెప్పి వెంటనే తిరిగి పంపడం గౌరవప్రదం. భాషను దిద్దడంతో సమీక్ష పూర్తి కాదు. ప్రయోగం ఎన్ని కార్లు జరిగింది, ఆ సంవత్సరాల వర్షపాతం ఎంత, నేల స్వభావం ఏమిటి, ముగింపు ఆ దత్తాంశం హద్దును దాటిందా అన్న ప్రశ్నలు వేయాలి. ఒక్క ఏడాది మంచి వర్షాలలో వచ్చిన ఫలితం కరవు సీమకు సిఫారసు కాజాలదు.

సంపాదకుని బాధ్యతలు

సంపాదకుడు తన సంస్థ వారి వ్యాసాలకు ఒక కొలత, పరుల వ్యాసాలకు మరొక కొలత వాడరాదు. తన సొంత వ్యాసం వచ్చినప్పుడు నిర్ణయాన్ని మరొకరికి అప్పగించాలి. తేడా లేదని తేల్చిన ప్రయోగాలకు కూడా పుటలు కేటాయించాలి. లేనిపక్షంలో ఒకే పనికిరాని చర్యను పలు పరిశోధన స్థానాలు మళ్లీ మళ్లీ పరీక్షిస్తూ ప్రజాధనం ఖర్చు చేస్తాయి.

తప్పు బయటపడినప్పుడు సంపాదకుని ధైర్యం తెలుస్తుంది. చిన్న పొరపాటుకు సవరణ ప్రకటన, ముగింపునే దెబ్బతీసే తప్పుకు వ్యాస ఉపసంహరణ ఉన్నాయి. 1997లో ఏర్పడిన కోప్ ఇందుకు మార్గదర్శకాలను రూపొందించింది. తన లెక్కలో తప్పును తానే గుర్తించి వ్యాసాన్ని వెనుకకు తీసుకొన్న పరిశోధకుని, మోసగానితో ఒకే గాట కట్టరాదు. అటువంటి వానిని అవమానిస్తే ఇకపై ఎవరూ తప్పు ఒప్పుకోరు. తప్పుడు వ్యాసం నిలిచే ఉంటుంది, దాని సిఫారసు కూడా నిలిచే ఉంటుంది.

నకిలీ పత్రికలు

పల్నాటి రైతుకు నకిలీ విత్తనం కొత్త కాదు. సంచి మీద బొమ్మ, ముద్ర, ధర అన్నీ సక్రమంగానే ఉంటాయి. మొలక వచ్చాక గాని, కాయ పట్టకపోయాక గాని మోసం తెలియదు. నకిలీ పత్రిక తీరు కూడా అదే. పేరు అంతర్జాతీయం, సంపాదక వర్గం ఘనం, సమీక్ష మాత్రం శూన్యం.

అమెరికా గ్రంథపాలకుడు జెఫ్రీ బీల్ 2010లో ఇటువంటి ప్రచురణకర్తలకు ప్రెడేటరీ అనే పేరు పెట్టాడు. అంటే వేటాడి తినేవి. 2013లో జాన్ బొహానన్ ఘోరమైన లోపాలను కావాలనే చొప్పించిన ఒక కల్పిత వ్యాసాన్ని 304 పత్రికలకు పంపాడు. సైన్స్ పత్రిక ప్రకటించిన ఫలితాల ప్రకారం 157 పత్రికలు దానిని ఆమోదించగా 98 మాత్రమే తిరస్కరించాయి.

ఈ వ్యవహారంలో తెలుగు నేల ప్రమేయం కూడా ఉన్నది. హైదరాబాద్ కేంద్రంగా 2007లో మొదలైన ఓమిక్స్ సంస్థపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016 ఆగస్టులో దావా వేసింది. సమీక్ష జరుగుతున్నదని తప్పుగా చెప్పడం, రుసుమును ముందుగా వెల్లడించకపోవడం, సమ్మతి లేనివారి పేర్లను సంపాదకులుగా చూపడం ప్రధాన ఆరోపణలు. 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు చెప్పింది.

నకిలీ సరుకు గిరాకీ లేనిదే బతకదు. నియామకానికి, పదోన్నతికి వ్యాసాల సంఖ్యను ముడిపెట్టినప్పుడు ఆ గిరాకీ పుట్టింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 పత్రికలను తొలగించింది. విశ్వవిద్యాలయాలు సూచించిన పత్రికలను పరిశీలించి అదే ఏడాది కరెంట్ సైన్స్‌లో వెలువడిన విశ్లేషణలో 88 శాతానికి పైగా ప్రమాణాలకు తూగలేదు. తరువాత వచ్చిన కేర్ జాబితాను కూడా సంఘం 2025లో ఉపసంహరించి, పత్రికను ఎంచుకొనే బాధ్యతను సంస్థలకే వదిలి కొన్ని సూచనాత్మక ప్రమాణాలను ఇచ్చింది. వ్యవసాయ శాస్త్రాలలో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీ ఇచ్చే రేటింగు మార్గదర్శకంగా ఉన్నది. ఏ జాబితా అయినా సహాయం మాత్రమే చేయగలదు. వివేకానికి అది ప్రత్యామ్నాయం కాదు.

విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత

రైతుకు, పత్రికకు మధ్య నిలిచే చివరి కాపలాదారు విస్తరణ శాస్త్రవేత్త. ఒక వ్యాసాన్ని సిఫారసుగా మార్చే ముందు అతడు ఈ అంశాలను సరిచూడడం మంచిది: ప్రయోగం కనీసం రెండు మూడు కార్లలో జరిగిందా, నేల, వర్షపాతం తన మండలానికి సరిపోలుతాయా, దిగుబడితో పాటు ఖర్చు, ఆదాయం ఇచ్చారా, తొలగించిన మడులు ఉన్నాయా, నిధులు ఎవరివి, పత్రికకు నిజమైన సమీక్ష ఉన్నదా, వ్యాసం ఉపసంహరణకు గురయిందా. సంతృప్తికరమైన జవాబు లేనప్పుడు దానిని సిఫారసుగా గాక పరీక్షించవలసిన అంశంగా మాత్రమే చెప్పాలి. మినీకిట్, క్షేత్ర ప్రదర్శనలలో వచ్చిన ప్రతికూల ఫలితాన్ని పరిశోధన స్థానానికి తిరిగి తెలపడం కూడా అతని విధి. సమాచారం చేను నుంచి పత్రికకు కూడా ప్రవహించాలి.

ముగింపు

నైతిక నియమాలు నిఘా యంత్రాల వల్ల గాని, శిక్షల వల్ల గాని మాత్రమే నిలవవు. మడిలో తూకం వేసే క్షణంలో పక్కన ఎవరూ ఉండరు. పుస్తకంలో 5.5 అని రాయడమా, ఆ గడిని ఖాళీగా వదలడమా అన్నది ఒక విద్యార్థి ఒంటరిగా తీసుకొనే నిర్ణయం. ఆ నిర్ణయం సరిగా ఉండాలంటే తక్కువ దిగుబడి చూపిన మడిని తెచ్చినందుకు అతనిని మందలించని గురువు ఉండాలి. తేడా లేదన్న వ్యాసాన్ని స్వీకరించే సంపాదకుడు ఉండాలి. సంఖ్యను గాక నాణ్యతను తూచే సంస్థ ఉండాలి. అప్పుడే ఆ లెక్క వెల్దుర్తి చేనుకు చేరేసరికి నమ్మదగినదిగా ఉంటుంది.

అధ్యయన ప్రశ్నలు

1. పైన ఇచ్చిన పత్తి ఉదాహరణలో నాలుగు రెప్లికేషన్లతోను, మూడింటితోను జత పోలిక టి-పరీక్ష చేసి ఫలితాలను పోల్చండి. నాలుగవ రెప్లికేషన్‌ను వ్యాసంలో ఎలా చర్చించాలో ఒక పేరా రాయండి.

2. ఒక ప్రయోగంలో మార్గదర్శక ఆచార్యుడు, విద్యార్థి, క్షేత్ర సహాయకుడు, గణాంక నిపుణుడు, చేను ఇచ్చిన రైతు పాల్గొన్నారు. కర్తృత్వ షరతులను అనుసరించి ఎవరు రచయితలో, ఎవరు కృతజ్ఞతలకు అర్హులో కారణాలతో నిర్ణయించండి.

3. ప్రచురితమైన వ్యాసం ఆధారంగా ఇప్పటికే సిఫారసు అమలులోకి వచ్చింది. ఆ తరువాత వ్యాసంలో లెక్క తప్పు బయటపడింది. రచయిత, సంపాదకుడు, ఏరువాక కేంద్రం శాస్త్రవేత్త ఏ వరుసలో ఏమి చేయాలో చర్చించండి.

4. కౌలు రైతు చేలో వేసే ప్రయోగానికి వాడదగిన సమ్మతి పత్రాన్ని రైతుకు అర్థమయ్యే తెలుగులో ఒక పుటలో తయారు చేయండి.